పన్నెండో వంతు ఇల్లు

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో వెయ్యి చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొన్నవాళ్లకు ఈఎంఐలు తీరేలోపు పిల్లల పెళ్లిళ్లు వచ్చేస్తాయి. అదే ఫ్లాటును పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పన్నెండో వంతుకు తగ్గించి అట్టతో, చెక్కతో కట్టుకుంటే ఏడు చదరపు అడుగుల్లో ఇమిడిపోతుంది. నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ మీద సగం పైచిలుకు చోటు. రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, వాస్తు పేచీ కూడా లేదు. ఆ మాట అన్నా, తూర్పు గుమ్మం పెట్టకుండా బొమ్మరిల్లు కట్టే తెలుగువాళ్లు తక్కువే.

మినియేచర్ డాల్‌హౌస్ అని పిలిచే ఈ హాబీలో పిల్లల ఆటపాలు కొంచెమే. కట్టేది పెద్దవాళ్లు, అదీ నెలల తరబడి. ప్రపంచమంతా ఎక్కువమంది పాటించే లెక్క 1:12. అంటే అడుగు అన్నచోట అంగుళం రాసుకోవడమే. ఏడడుగుల తలుపు ఏడంగుళాలవుతుంది. పదడుగుల గది పదంగుళాలు, అయిదున్నర అడుగుల మనిషి అయిదున్నర అంగుళాలు. మేస్త్రీలు నాలుగున్నర అంగుళాల గోడ అనే లోపలి గోడ తొమ్మిదిన్నర మిల్లీమీటర్లకు వస్తుంది. స్టేషనరీ షాపులో దొరికే పది మిల్లీమీటర్ల సన్‌బోర్డు ఇంచుమించు సరిగ్గా అతుకుతుంది. ఆన్‌లైన్‌లో వచ్చే చైనా కిట్లు చాలావరకు ఇంకా చిన్నవి, 1:24. అందులో మనిషి మూడంగుళాలు కూడా ఉండడు.

ఈ సరదా పుట్టింది రాజుల ఇళ్లలో, ధనవంతుల ఇళ్లలో. బవేరియా ప్రభువు ఐదో ఆల్బ్రెక్ట్ 1557–58లో ఒకటి కట్టించుకున్నాడు. వందేళ్లు దాటాక అది అగ్నిప్రమాదంలో పోయింది. ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారి భార్య పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ 1686 నుంచి 1710 దాకా పోగుచేసి అమర్చిన ఇల్లు ఇప్పటికీ రైక్స్ మ్యూజియంలో ఉంది. మనకు దగ్గర చుట్టరికం ఉన్నది మాత్రం ఇంగ్లండు రాణి మేరీ బొమ్మరిల్లు. ఆర్కిటెక్ట్ ఎడ్విన్ లుట్యెన్స్ దాన్ని 1921–24 మధ్య 1:12 లెక్కలో కట్టించాడు. అప్పుడే ఆయన కొత్త ఢిల్లీలో వైస్రాయ్ భవనం పని కూడా చూస్తున్నాడు. కొద్దికాలానికే నిజాం కోసం ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ గీసిందీ ఆయనే. రాణిగారి బొమ్మరింట్లో కరెంటు దీపాలు వెలుగుతాయి, లిఫ్టు కదులుతుంది, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. లైబ్రరీ కోసం కానన్ డాయిల్ అగ్గిపెట్టెలో పట్టే పుస్తకంలో కథ రాసిచ్చాడు.

ఆ కుళాయి నీళ్ల దగ్గరే ఈ కళలోని అసలు చిక్కు ఉంది. ఇంటి కొలతలు మనం చెప్పినట్టు తగ్గుతాయి. నీళ్లు తగ్గవు. కుళాయి చివర వేలాడే నాలుగు మిల్లీమీటర్ల చుక్క, ఆ ఇంటి లెక్కలో దాదాపు అయిదు సెంటీమీటర్లు, అంటే నిమ్మకాయంత. పదిహేడు లీటర్ల బిందెను పన్నెండో వంతు చేస్తే పది మిల్లీలీటర్లు పడుతుంది, దగ్గుమందు మూతెడు. ఘనపరిమాణం పన్నెండు రెట్లు తగ్గడంతో ఆగదు, 1,728 రెట్లు తగ్గుతుంది. బరువూ అంతే. గుడ్డ సంగతి చూడండి. అసలు కర్టెన్ తన బరువుకు తానే కిందికి జారి మడతలు పడుతుంది. ఏడంగుళాల కర్టెన్‌కు ఆ బరువెక్కడిది? దారం మందం తగ్గలేదు, బిరుసు తగ్గలేదు. అందుకే చిన్న కిటికీకి కట్టిన గుడ్డ పక్కలకు నిక్కబొడుచుకుంటుంది. చెక్క గీతలు, రంగు మెరుపు, దారపు ముడి, వేలి ముద్ర కూడా ఇలా కుదించడానికి లొంగని జాబితాలోవే. చిన్నగా కోయడం కటింగ్ మ్యాట్, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు ఉన్న ఎవరికైనా వస్తుంది. లొంగనివాటిని లొంగినట్టు నమ్మించడమే ఫినిషింగ్ పని. ఇల్లు కట్టడానికి పట్టిన కాలం కంటే దానికి ఎక్కువ కాలం పట్టినా ఆశ్చర్యం లేదు.

మన నాయనమ్మలు, అమ్మమ్మలు నీళ్ల చిక్కును ఎప్పుడో విప్పారు. తెలంగాణలో దసరాకు, కోస్తాలో సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువులో మెట్ల కింద పల్లెటూరు వేస్తారు. ఇసుక పరిచి, మధ్యలో అద్దం పెట్టి, అంచులు ఇసుకతో కప్పితే చెరువు. పళ్లెంలో మెంతులో ఆవాలో మొలకెత్తిస్తే పొలం. ఎల్బీ నగర్, వనస్థలిపురం కాలనీల్లో రెండు వైపుల కుటుంబాలూ ఉన్నాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ ఊళ్లు వెలుస్తాయి. రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేసే ఇళ్లూ ఉన్నాయి. ఇంత పనితనం ఉన్నవాళ్లు కిట్టు కొనుక్కుని, అందులో ఇచ్చిన నంబర్ల ప్రకారం ఏదో యూరప్ కాఫీ షాపు అంటించుకోవడం చూస్తే కాస్త జాలేస్తుంది.

చిన్నదాన్ని పెద్దదిగా నమ్మించే చిక్కుతో సినిమావాళ్లూ పెనుగులాడారు. 1957 నాటి ‘మాయాబజార్’లో ద్వారక కోసం గోఖలే, కళాధర్‌ల పర్యవేక్షణలో యాభై అడుగులకు అరవై అడుగుల చోటులో సుమారు 300 చిన్న ఇళ్లు కట్టారు, వాటిలో దీపాలు పెట్టారు. ఆ నగరం పెద్దదిగా కనబడటానికి మార్కస్ బార్ట్లే కెమెరా, వెలుగు నీడలు చేసిన పని తక్కువది కాదు. బొమ్మరింటికి అటువంటి కెమెరామన్ ఉండడు. చూసేవాళ్లు ముక్కు ఆనించి చూస్తారు.

ఏ ఇల్లు కట్టాలి అన్నదానికి ఈ ప్రాంతంలో జవాబు వీధిలోనే దొరుకుతుంది. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, కొత్తపేట కాలనీల్లో సొంత ఇళ్లు ఒక్కొక్కటే బిల్డర్ చేతికి వెళ్లి, వాటి చోట అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. కట్టాల్సింది అలా పోతున్న పాత ఇల్లే: ఇనుప గేటు, ముందు గ్రిల్లు వేసిన వరండా, షాబాదు బండల నేల, బయటినుంచి మేడ మీదికి మెట్లు, పిట్టగోడ వెనక నల్ల సింటెక్స్ ట్యాంకు, సంపు మూత పక్కన జామచెట్టు. కూల్చేముందు తీసిన నాలుగు ఫొటోలు, ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకం ఉంటే గ్రాఫ్ పేపరు మీద ప్లాను గీయొచ్చు. ఫొటోలో తలుపు ఏడడుగులని పట్టుకుంటే మిగతా ఎత్తులన్నీ దాన్నిబట్టి లెక్క తేలతాయి. పాత దస్తావేజుల్లో ప్లాటు కొలతలు ఎలాగూ ఉంటాయి.

సరుకు కోసం దూరం పోనక్కర్లేదు. కోచింగ్ సెంటర్లు, కాలేజీలు, హాస్టళ్లు ఉన్న చోట ప్రాజెక్టుల సామాను అమ్మే దుకాణాలకు కొదవ ఉండదు. థర్మోకోల్ సౌరకుటుంబాన్ని పిల్లవాడి పేరు మీద రాత్రి పన్నెండింటి దాకా తయారుచేయని తల్లిదండ్రులు ఈ చుట్టుపక్కల ఉన్నారా? ఆ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఎల్ఈడీలు, సన్న వైర్లు, రెసిస్టర్లు కావాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అయిదో స్టేషన్, ఉస్మానియా మెడికల్ కాలేజ్ దగ్గర దిగితే కోఠి. అక్కడి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలే దుకాణాలు. పూసలు, లేసులు, చిట్టి ఇత్తడి సామాను వెతకడానికి సుల్తాన్ బజార్, బేగం బజార్ అక్కడికి పెద్ద దూరం కాదు.

పని వరస తప్పితే మాత్రం తిప్పలే. గోడలు నిలబెట్టేశాక లోపల రంగు వేయడానికి చెయ్యి పట్టదు, వైరు లాగడానికి దారి ఉండదు. అందుకని గోడలు పడుకోబెట్టి ఉన్నప్పుడే కిటికీలు కోయాలి, వెనకవైపు గాడి తీసి వైరు దాచాలి, పుట్టీ పట్టించాలి, రంగు వేయాలి, ఆ తర్వాతే నిలబెట్టి ఫెవికాల్‌తో అతికించాలి. అట్టకు ఒకవైపే నీటి రంగు వేస్తే ఆరేటప్పుడు వంగుతుంది. రెండో వైపూ ఒక పూత వేస్తే ఆ లాగుడు సరిసమానమవుతుంది. థర్మోకోల్ మీద థిన్నర్ కలిసిన స్ప్రే పెయింటు కొడితే కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది. కిటికీ అద్దానికి వాడే పారదర్శక షీటు దగ్గర ఫెవిక్విక్ వాడకపోవడం మంచిది, దాని ఆవిరి తగిలి షీటు తెల్లగా మసకబారుతుంది.

ఫినిషింగ్‌లో మొదటి శత్రువు మెరుపు. ఎనామెల్ పూసిన తలుపు చిన్నదైతే ప్లాస్టిక్ బొమ్మలా మిగిలిపోతుంది. మెరుపు లేని యాక్రిలిక్ రంగే వాడాలి, అదీ అసలు ఇంటి రంగు కంటే ఒక పాలు లేతగా. స్నోసెమ్ వేసిన పాత ప్రహరీ గోడ కావాలంటే పుట్టీ తడిగా ఉండగానే స్పాంజితో అద్దితే గరుకు వస్తుంది. తర్వాత నల్లరంగు, గోధుమరంగు చాలా నీళ్లు కలిపి పూసి, వెంటనే గుడ్డతో తుడిస్తే మూలల్లో మురికి మిగులుతుంది. వానాకాలం నీళ్లు సజ్జ మీదినుంచి ఎక్కడ కారతాయో అక్కడే మరకలు పడాలి. అందమని చెప్పి అన్నిచోట్లా పూస్తే ఇల్లు కాలిపోయినట్టు కనబడుతుంది. షాబాదు బండలు రెండడుగులవి, కాబట్టి రెండంగుళాల పలకలు. కార్డుబోర్డు ముక్కలకు బూడిదరంగులో నాలుగైదు ఛాయలు వేసి, కలిపి పేర్చాలి. ఒకే ఛాయ వేస్తే నేల టైల్స్ షోరూమ్‌ది అవుతుంది.

కర్టెన్‌కు మందు ఉంది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత ధోవతి ముక్కను నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, గుండుసూదులతో మడతలు పట్టి ఆరనిస్తే బరువున్న గుడ్డలా ఒదిగి ఉంటుంది. ఆరేసిన చీరకూ ఇదే ఉపాయం. ఇంత చిన్న కొలతలో పోచంపల్లి డిజైను నేసిన గుడ్డలో దొరకదు, అసలు చీర ఫొటో తీసి పన్నెండో వంతుకు తగ్గించి పల్చటి టిష్యూ మీద ప్రింటు తీయాలి. జిరాక్సు షాపులో 8.33 శాతం అని చెబితే మొదట వింతగా చూస్తారు. గోడ మీది తెలుగు క్యాలెండరూ అదే శాతంలో వస్తుంది. దీపాలకు తెల్లటి ఎల్ఈడీ కన్నా పసుపు వెలుగుది నయం. రెసిస్టరు పెంచి కాంతిని బాగా తగ్గిస్తేనే పాత బల్బు వెలుగు వస్తుంది.

ఇక వంటిల్లు. తెలుగు బొమ్మరింటికి ఇక్కడ సగం సామాను తాతల నాడే తయారై ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్క రంగులు ఎక్కించి చేసే లక్కపిడతల్లో రోలు, తిరగలి, బిందె, గిన్నె అన్నీ ఉంటాయి. అక్కడ సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అయితే సగం లక్కపిడతలు 1:12 ఇంట్లోకి రావు. రెండంగుళాల గిన్నె అంటే అక్కడ రెండడుగుల గుండిగ. పెళ్లి వంటకు సరే, నలుగురున్న ఇంటికి కాదు. స్కేలు పట్టుకుని వెళ్లి అరంగుళం లోపువి ఏరుకోవాలి. కొండపల్లి బొమ్మలతోనూ అదే పేచీ. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి చేసే ఆ బొమ్మల్లో మనిషి ఒక్కోసారి గుడిసె కప్పును అందుకుంటాడు. కొలువులో అది అందమే. లెక్క ప్రకారం కట్టిన ఇంటి గుమ్మంలో నిలబెడితే ఇల్లే అబద్ధమైపోతుంది. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోని 68 థోర్న్ మినియేచర్ గదుల్లో అయితే మనుషుల బొమ్మలే పెట్టలేదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక పూట కేటాయించదగ్గ చోటది.

మనిషి లేకపోయినా ఇంట్లో ఎవరో ఉన్నారనిపించడం వంటింటి వస్తువుల చేతిలో పని. గ్యాస్ సిలిండరు రెండంగుళాల ఎత్తు, అంగుళం వెడల్పు. అది తుప్పు మరకలు లేకుండా ఎర్రగా మెరుస్తుంటే ఎవరూ నమ్మరు. ఆవకాయ జాడీని ఎం-సీల్‌తో మలిచి, పైన గోధుమరంగు, కింద తెలుపు వేసి, మూతికి గుడ్డ కట్టాలి. జాడీ ఒక్కదానికి మాత్రం మెరుపు వార్నిష్ ఉండాలి, పింగాణీ కదా. స్టీలు డబ్బాల వరసకు అల్యూమినియం గొట్టాన్ని ముక్కలు చేస్తే సరిపోతుంది. కడప బండ గట్టు నేలనుంచి రెండు ముప్పావు అంగుళాల ఎత్తు, దాని మీద మిక్సీ, పక్కన సగం తరిగిన బెండకాయలు. అవి గాలికి ఆరే మట్టితో చేసినవి.

మొదటిసారి మొదలుపెట్టేవాళ్లు ఇల్లంతా తలకెత్తుకోకుండా ఈ ఒక్క వంటింటితో సరిపెట్టుకోవడం మేలు. పదంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల లోతు, పదంగుళాల ఎత్తు ఉన్న మూడు గోడల పెట్టె చాలు. ముందువైపు పారదర్శక యాక్రిలిక్ షీటు బిగించి, తీసి పెట్టుకునేలా గాడి ఇవ్వాలి. మెయిన్ రోడ్డు పక్క ఫ్లాట్లలో దుమ్ము రెండు వారాల్లోనే కడప బండ మీద కనబడేంత పేరుకుంటుంది, ఆ సైజు వంటింటిని తుడవడానికి మేకప్ బ్రష్షు తప్ప వేరే దారి లేదు. బ్యాటరీ పెట్టె వెనక గోడకు బయట ఉండాలి, లేకపోతే సెల్లు మార్చిన ప్రతిసారీ గట్టు ఊడదీయాల్సి వస్తుంది.