ఓడ ఎక్కే ఇల్లు

రామాయంపేట పక్కనుంచి పోయే పెద్ద రోడ్డును మీలో కొందరు చూసే ఉంటారు. ఉత్తరాన శ్రీనగర్ నుంచి దక్షిణాన కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి అది. పడక, పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ లోపలే అమర్చిన ఒక వ్యాను ఆ రోడ్డున వస్తున్నదనుకోండి. దాన్ని క్యాంపర్ వ్యాన్ అంటారు. మనం ఇల్లుబండి అందాం. ఇంటిని వెంటబెట్టుకుని తిరగటం మెదక్ ప్రాంతానికి కొత్తేమీ కాదు. పూర్వం లంబాడీలు ఉప్పూ, ధాన్యమూ ఎద్దుల మీద వేసుకుని, పిల్లాపాపలతో సహా దేశాలు దాటి పోయేవారు. కాని సముద్రం అడ్డం వస్తే ఎట్లా?

ఒకప్పుడు లండనులో బయలుదేరినవారు ఇంగ్లీషు ఛానెల్ ఒక్కటి ఓడలో దాటి, టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా నేలమీదనే ఇండియా చేరేవారు. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చింది; ఆ ఏడాది చివర సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లో దిగాయి. ఆ దారి చెడిపోయింది. ఇక ఇల్లుబండి కూడా ఓడ ఎక్కవలసిందే. జహీరాబాదులో (2016 దాకా అదీ మెదక్ జిల్లాలోనిదే) తయారై విదేశాలకు పోయే ట్రాక్టర్లదీ ఈ దారే.

బండిని ఓడ ఎక్కించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది కంటెయినరు, అంటే ఇనప పెట్టె. బండిని లోపలికి తోలి, చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టి, పట్టీలతో బిగించి, తలుపు మూసి సీలు వేస్తారు. అయితే మామూలు కంటెయినరు తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లే. మనిషి లోపల నిలబడగల ఇల్లుబండి చాలాసార్లు అందులో పట్టదు.

అప్పుడు రెండో పద్ధతి: రో-రో ఓడ. దీనికి క్రేను అక్కరలేదు. ఓడ వెనక వంతెనలాంటి పెద్ద తలుపు రేవు మీదికి వాలుతుంది. బళ్ళు తమ చక్రాల మీదనే లోపలికి పోతాయి. లోపల పది పన్నెండు అంతస్తులు! డ్రైవర్లు బళ్ళను జానెడు ఎడంతో వరసగా నిలుపుతారు. ప్రతి బండినీ నేలకున్న కొక్కాలకు బిగించి కడతారు. ఓడ ఊగినప్పుడు ఒక్క బండి జారినా, అది పక్కదాన్ని గుద్దుతుంది.

ఇక్కడొక చిన్న పరీక్ష చేసి చూడండి. బకెట్టు నీళ్ళలో ఖాళీ స్టీలు గ్లాసు నిలబెడితే ఒరిగిపోతుంది. అడుగున నాలుగు గులకరాళ్ళు వేస్తే నిటారుగా తేలుతుంది. ఆ రాళ్ళనే చిన్న పళ్ళెంలో పోసి గ్లాసు మూతి మీద పెట్టండి, బోల్తా! బరువు ఎంత అనేదే కాదు, ఎంత ఎత్తున ఉందనేది కూడా ముఖ్యం. బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్క కట్టగల బిందువును గరిమనాభి అంటారు. పై అంతస్తుల్లో బళ్ళు నిండితే ఓడ గరిమనాభి పైకి జరుగుతుంది. అందుకే అడుగున ఉన్న తొట్లలో సముద్రపు నీరు నింపుతారు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2019 సెప్టెంబరు 8న తెలిసింది. 'గోల్డెన్ రే' అనే ఓడ నాలుగు వేలకు పైగా బళ్ళతో అమెరికాలోని బ్రన్స్‌విక్ రేవు దాటుతూ, మలుపు తిరగగానే ఒక పక్కకు పడిపోయింది. తుఫాను లేదు, ఏ బండనూ గుద్దుకోలేదు. అడుగు తొట్లలో చాలినంత నీరు లేదని విచారణలో తేలింది. తెరిచి ఉన్న తలుపులోనుంచి నీరు కూడా జొరబడింది. ఓడలోని 24 మందీ బతికారు. వారిలో నలుగురిని మరునాడు ఓడ గోడకు కన్నం చేసి బయటికి తీశారు.

అగ్ని భయం మరొకటి. అందుచేత ఇల్లుబండిలో పెట్రోలు కొద్దిగానే ఉంచి, వంట గ్యాసు సిలిండరు తీసేస్తారు. ఆస్ట్రేలియాకు పోయే బండినైతే అడుగుభాగం కూడా కడగాలి. మన చెలకల మట్టిలో దాగిన ఒక్క గడ్డి గింజ అక్కడ మొలిస్తే పైర్లకు చేటని వాళ్ళ భయం. ఆ భయం నాకు న్యాయంగానే తోస్తుంది.

బండికి పాస్‌పోర్టు లాంటి పుస్తకం కూడా ఉంది, పేరు కార్నె. చాలా దేశాల్లో ఇది చూపితే సుంకం కట్టనక్కరలేదు. బండి దిగగానే కస్టమ్సు అధికారి అందులోనుంచి ఒక చీటీ చించుకుంటాడు. గడువులోగా దేశం దాటేటప్పుడు రెండో చీటీ చించుతాడు. ఆ రెండో చీటీ చినగకపోతే, బండిని అక్కడే అమ్ముకున్నారని అనుమానించి సుంకమంతా వసూలు చేస్తారు!