కాన్హోజీ ఆంగ్రే: సముద్రచోరుఁడా? నౌకాధిపతియా?

పదునెనిమిదవ శతాబ్దపు టాంగ్లేయ గ్రంథములలోఁ గొంకణతీరమునకుఁ జెందిన కాన్హోజీ ఆంగ్రే సముద్రచోరుఁడని ప్రసిద్ధుఁడు. 1737వ సంవత్సరమున వెలువడిన క్లెమెంటు డౌనింగు గ్రంథమున పేరులోనే యాంగ్రే కీ బిరుదము తగిలింపఁబడినది. మహారాష్ట్ర చరిత్రమున నాతఁడే 'సర్‌ఖేలు', అనఁగా నౌకాసేనాధిపతి. ఒక్క పురుషునకే యీ విరుద్ధనామములు రెండు నేల కలిగెనో విచారింపవలసి యున్నది.

కాన్హోజీ తండ్రి తుకోజీ శివాజీ కొలువున నుండినవాఁడు. కాన్హోజీ పదునేడవ శతాబ్దాంతమున సర్‌ఖేలు పదవి నందెను. శాహూ, తారాబాయి వర్గములకుఁ గలహము చెలరేఁగినపుడు తారాబాయి పక్షము వహించి, 1713లోఁ దనపై దండెత్తివచ్చిన పీష్వా బహిరోజీ పింగళేను జెఱపట్టెను. పిమ్మట బాలాజీ విశ్వనాథుఁడు సంధి కుదుర్పఁగా శాహూ యాతని పదవిని స్థిరపఱచెను. కులాబా, సువర్ణదుర్గము, విజయదుర్గము మున్నగు కోట లాతని యధీనమున నుండెను. కావున నాతఁడు రాజదత్తమైన యధికారము గలవాఁడే.

ఇఁక వివాదమునకు మూలము 'దస్తకు' అను పత్రము. ఆ తీరమున సంచరించు వర్తకనావలు రుసుము చెల్లించి యాంగ్రే దస్తకును బొందవలెను. అది లేని నావలను ఫిరంగులు గల గురాబులును, తెడ్లతో వడిగా నడచు గల్బతులును జుట్టుముట్టి పట్టుకొనుచుండెను. ఈ పద్ధతి యాతఁడు క్రొత్తగాఁ గల్పించినది కాదు. పోర్చుగీసువారు పదునాఱవ శతాబ్దినుండియు 'కార్తాజు' అను పత్రము నిచ్చుచు, అది లేని నావలను గైకొనుచుండిరి. బొంబాయి యాంగ్లేయులును దమ పత్రముల నిచ్చుచుండిరి. ఆ పత్రములతోఁ దిరుగు దేశీయవర్తకుల నావలు దస్తకు పొందనక్కఱ లేదని వారి వాదము. ఆంగ్రే దాని నంగీకరింపలేదు.

తీరప్రభువులు నావలపై నధికారము నెఱపుట యాంధ్రపాఠకులకుఁ దెలియని విషయము గాదు. తుపానున భగ్నములై తీరముఁ జేరిన నావల సర్వస్వమును బూర్వరాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండిరని చెప్పి, తాను నిర్ణీతశుల్కము మాత్రమే కొందునని కాకతి గణపతిదేవుఁడు 1244-45 నాఁటి మోటుపల్లి శాసనమునఁ బ్రకటించెను. ఒక రాజునకు హక్కుగాఁ దోఁచినది వేఱొక రాజునకు దౌర్జన్యమని తోఁచుట కిది సాక్ష్యము.

ఆంగ్రే కార్యములన్నియు నిర్దోషములని యెంచరాదు. 1712లో నాతని నౌకలు బొంబాయి గవర్నరు నావను బట్టుకొన్నపుడు కార్వారు వర్తకశాలాధికారి హతుఁడయ్యెను. ఆతని భార్య చెఱపడి, 30,000 రూపాయలు చెల్లింపఁబడిన పిదపఁ గాని విడువఁబడలేదు. ఆంగ్లేయులు 1717లో విజయదుర్గముపైనను, 1718లో ఖాందేరిపైనను, 1721లోఁ బోర్చుగీసువారితోఁ గూడి కులాబాపైనను దాడి వెడలి విఫలులైరి. కాన్హోజీ 1729లో మరణించెను.

ఆతని కుమారుఁడు తుళాజీ పీష్వాతో విరోధించెను. 1756 ఫిబ్రవరిలోఁ బీష్వాతోడి పొత్తున వాట్సను, క్లైవులు విజయదుర్గమును గొనిరి. అందు దొరకిన సుమారు 10 లక్షల రూపాయల ధనమును, మహారాష్ట్రులకు భాగ మీయక, ఆంగ్లేయులే పంచుకొనిరి. దీనిని వారి గ్రంథములు యుద్ధలబ్ధధన మనియే పేర్కొన్నవి. చౌర్యమను మాట యాంగ్రేలకే మిగిలినది.

1951లో భారత నౌకాదళము బొంబాయియందలి తన స్థావరమునకు ఆంగ్రే పేరు పెట్టినది. అయినను ఆంగ్లగ్రంథముల ననుసరించి పాఠములు వ్రాయువారు 'ఓడదొంగ' యను మాటను విచారింపక గ్రహించినచో, భాషాంతరీకరణముతోఁ బాటు ప్రతిపక్షి తీర్పును గూడ బాలురకుఁ జెప్పినవా రగుదురు. ఏ నావ, యెవరి పత్రముతో, ఎవరి జలములఁ బట్టువడెనో తెలిసికొనిన పిమ్మటనే యా పదమును బ్రయోగించుట యుక్తము.