మేడమీది గొట్టములు – దూలముల క్షేమము

అమెరికాలో కాపురముండు మన తెలుగువారు పలువురు పాతయిండ్లను కొని బాగుచేయించుకొనుచున్నారు. అచ్చటి యిండ్లు పెక్కు కఱ్ఱతో కట్టినవి. మేడమీది నేలయంతయు వరుసగా నమర్చిన దూలములపై నిలుచును. పైన స్నానపుగది కట్టించునపుడు గొట్టములు తఱచుగా ఆ దూలములలోనుండియే పోవలసివచ్చును. చిక్కంతయు నిచ్చటనే కలదు.

న్యూజెర్సీలోని మా చెల్లెలి యింట మేము కొన్నినాళ్లుంటిమి. మేడమీద స్నానపుగది పని జరుగుచుండెను. గొట్టముల పనివాడు రంపముతో దూలముల క్రిందియంచున గాట్లు కోసెను. చెల్లెలు చూచునప్పటికి మూడు దూలములు కోతపడినవి. "చిన్న గాట్లేగదా" యని యాతడు నవ్వెను. ఆ దూలముల క్రిందనే పిల్లలు పండుకొను గది! ఆమె వెంటనే పని నాపించినది.

గాటు చిన్నదైనను హాని చిన్నది కాదు. బరువు పడినపుడు దూలపు పైభాగము నొక్కుకొనును, క్రిందిభాగము సాగును. నట్టనడుమ నీ రెండు బాధలును స్వల్పము. కావున నడుమ గుండ్రని బెజ్జము చాలవరకు చెల్లును. అంచు కోయుట ప్రమాదము. ఎత్తులో నాలుగవవంతు తగ్గినచో నచ్చట బలములో నూటికి 44 వంతులు పోవును.

అచ్చట విరివిగా ననుసరింపబడు గృహనిర్మాణ నియమావళి యిట్లు చెప్పుచున్నది: కోతకఱ్ఱ దూలమున బెజ్జము ఎత్తులో మూడవవంతును మించరాదు. పై, క్రింది యంచులకు 2 అంగుళములైన నెడముండవలెను. గాటు ఆరవవంతును మించరాదు; పొడవును మూడు భాగములు చేసి, నడిమి భాగమున గాటు పెట్టనేరాదు. కార్ఖానాలో అతికి చేసిన దూలములకు చేసినవారి సూచనలే ప్రమాణము.

సోదరీమణులు లెక్క చూడుడు. 9¼ అంగుళముల దూలమున బెజ్జము సుమారు 3 అంగుళములకు మించరాదు. మరుగుదొడ్డికి వాడు 3 అంగుళముల గొట్టము వెలుపలి కొలత 3½ అంగుళములు! అది దూలమును దాటి పోజాలదు. రెండు దూలముల నడుమ, వానివెంబడియే పోవలయును. కనుక దూలము లేవైపునకు పోవుచున్నవో చూచిన పిమ్మటనే మరుగుదొడ్డి స్థానమును నిర్ణయింపవలెను. పలకలు పరచిన పిదప విచారించి ఫలము లేదు.

వాడిననీరు పోవు సన్నని గొట్టమునకు అడుగునకు పావు అంగుళము వాలు కావలెను. ఎనిమిదడుగులు పోవునప్పటికి 2 అంగుళములు దిగును. కాబట్టి బెజ్జములను ఒకదానికంటె నొకటి దిగువగా ముందే గుర్తింపవలెను. అంచునకు దగ్గరగా పోవుచోట ఇనుపపలక బిగించినచో మేకులు గొట్టమున దిగవు.

మా చెల్లెలి యింట, కోసిన దూలముల ప్రక్కన క్రొత్త దూలములను చేర్చి బిగించి, మరుగుదొడ్డిని వేఱొక గోడకు మార్చిరి. ఖర్చు పెరిగినది, కాని పిల్లల గదిపైని నేల నేడు గట్టిగానున్నది. గొట్టము కారినచో మరునాడే తెలియును. దూలము క్రుంగుట ఏండ్లకుగాని తెలియదు. కావున రంపము పట్టకమునుపే, ఏ దూలమున నెంత బెజ్జమో పనివానిచే కాగితముపై వ్రాయించుకొనుడు.