దొడ్డక్షరం పొట్టలో ఖాళీ

నారాయణఖేడ్ దగ్గరి మనూర్ వైపు లావు అనరు, దొడ్డు అంటారు. అక్కడికి కర్ణాటక ఎంతో దూరం లేదు. కన్నడంలోనూ పెద్దదంటే ‘దొడ్డ’దే. ఫ్లెక్సీ కొట్టించడానికి పోయినవాళ్లు మొదట అడిగేది కూడా అదే: “అన్నా, అక్షరాలు జర దొడ్డుగ రావాలె.” కంప్యూటర్ ముందున్న పిల్లగాడు అక్షరం చుట్టూ అవుట్‌లైన్ తొడుగుతాడు. ఒక పాయింటు, రెండు, నాలుగు. అట్లా దొడ్డు చేసిన ‘ప్రాథమిక పాఠశాల’ను ఒకసారి రోడ్డు అవతలి నుంచి చదవబోయాను. ఠ పొట్టలో చుక్క పూడుకుపోయి ‘పారశాల’ అయి కూర్చుంది. థలో చుక్క కూడా మునిగింది గానీ, ‘ప్రాధమిక’ అని రాసేవాళ్లు ఎటూ ఉన్నారు కాబట్టి అది ఎవరికీ పట్టలేదు.

దొడ్డక్షరం గీసేవాడి కష్టమంతా ఆ పొట్టలోని తెల్లదనం దగ్గరే.

ఇట్లాంటి కష్టం ఇంగ్లీషుకూ ఉంది. కుచ్చులూ తోకలూ తీసేసి, స్కేలు, కంపాసుతో గీసినట్టుండే ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దపేరు ఫ్యూచురా. జర్మనీలో పాల్ రెన్నర్ గీయగా బావర్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. 1969లో అపోలో 11 చంద్రుడి మీద వదిలివచ్చిన ఫలకం మీద ఉన్నవి ఆ అక్షరాలే. కంపాసు మాట మాత్రం సగమే నిజం. ఒకే మందంతో గీస్తే అడ్డగీత నిలువుగీత కంటే లావుగా కనిపిస్తుంది, అది మన కంటి మోసం. అందుకే అడ్డగీతను కాస్త చెక్కుతారు, గుండ్రం గీత నిలువుకు అతికేచోట సన్నం చేస్తారు. లేకుంటే అక్కడ నల్లమచ్చ పడ్డట్టుంటుంది.

మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం, ఇక కష్టమేముంది అనిపిస్తుంది. ఉంది. ‘ప’, ‘వ’ల మధ్య తేడా ఎడమ పక్క గీత ముడిపడిందా లేదా అన్నంతే. తలకట్టుకూ ప ఒంటికీ మధ్య సందు ఇంకా ఇరుకు. ‘ప్రా’ తెర మీద ఒక్క ముద్దగా కనిపించినా యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు: ప, పొల్లు, ర, దీర్ఘం. ఆ రావత్తును ఎక్కడ, ఎంత సన్నగా వేయాలో ఫాంటు గీసినవాడు ముందే తేల్చాలి.

సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన, పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన ‘రామభద్ర’ ఈ పని తలకెత్తుకున్న ఫాంటు. శీర్షికలకూ పోస్టర్లకూ పనికొచ్చే బరువు దానిది. నాకు మాత్రం ఎక్ టైప్ వాళ్ల ‘బాలూ’ ముచ్చటేస్తుంది. ఒకే భల్లూకం (‘బాలూ’ అంటే అదే), లిపికో వరస: తెలుగుకు తమ్ముడు, కన్నడానికి తమ్మ, ఉర్దూకు భాయ్‌జాన్. మనూర్ లాంటి సరిహద్దు ఊళ్లలో చెవిన పడే పిలుపులే ఇవి. మొదట ఒకే దొడ్డుతనంతో వచ్చింది. తర్వాత ‘బాలూ తమ్ముడు 2’లో 400 నుంచి 800 వరకు అయిదు బరువులు పెట్టారు. దొడ్డుతనాన్ని పైనుంచి తొడగడం లేదు, బరువును బట్టి పొట్ట కొలతా మారుతుంది.

ఇదంతా ఆ పిల్లగాడికి చెప్పాను. పైసా ఖర్చు లేదని కూడా చెప్పాను. “మంచిగుంది సార్, కానీ యూనికోడ్ కీబోర్డు మళ్ల నేర్సుకోవాలె” అంటూ అవుట్‌లైన్ ఇంకో పాయింటు పెంచాడు.