బాటు చేయగలది, చేయజాలనిది

ఫిల్మునగరున మా వీధిలో చిత్రీకరణము జరుగునపుడు చూచుచుందును: దర్శకుడు సైగ చేయనిదే నటుడు పెదవి విప్పడు. టెలిగ్రాములోని బాటు అను యంత్రపు తీరును ఇంచుమించు అంతియే.

2015లో ఆ సంస్థ బాటులను నిర్మించు నవకాశమును ప్రోగ్రాములు వ్రాయువారి కెల్లరకు నిచ్చినది. కాని కట్టుబాట్లు కలవు. మనము స్టార్టు నొక్కనిదే బాటు తనంత తాను మనకు జాబు వ్రాయజాలదు. గుంపులో చేర్చినను సాధారణముగా తన్ను పిలిచిన మాటలనే వినును. నిర్వాహకపదవి యిచ్చితిమా, అన్నియు వినును! వాట్సాపు పద్ధతి వేరు. మనము వ్రాసినది మొదలు 24 గంటలవరకు బాటు స్వేచ్ఛగా బదులీయవచ్చును. పిమ్మట వాట్సాపువారు ముందుగా ఆమోదించిన నమూనా జాబులనే పంపవలెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025 జనవరి 30న 161 సేవలతో ఆరంభించిన 'మన మిత్ర' ఈ వాట్సాపు మార్గముననే నడచుచున్నది.

“మాస్టారూ, నా ఫోనులోని తక్కిన జాబులను కూడ బాటు చదువునా?” అని మొన్న మా స్వగ్రామమునుండి వచ్చిన పెద్ద యొకరు నన్నడిగిరి. చదువజాలదు. అయితే మనము దానికి వ్రాసిన ప్రతి యక్షరమును దాని నిర్మాత చూడగలడు, దాచుకొనగలడు. ఇది విని ఆయన ముఖము వెలవెలబోయినది. ఎవరిదో తెలియని యొక బాటునకు ఆయన తన బ్యాంకు రహస్యసంఖ్యను అప్పటికే వ్రాసి పంపియుండిరి. దానిని మార్పించుటకై భోజనమైనను చేయక ఇరువురమును బ్యాంకునకు పోతిమి.