నలుపును వెతికే కిరణం

లేజర్‌తో అవాంఛిత రోమాలు తీయించుకోవడమంటే వెంట్రుకను పీకడమో గొరగడమో కాదు. వెంట్రుకలో ఉండే నల్లరంగు, అంటే మెలనిన్, కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి చుట్టూ పాకి, చర్మం లోపల వెంట్రుకను పుట్టించే కుదురును మాడుస్తుంది. బాగా మాడిన కుదురు మళ్లీ మొలవదు. సగం మాడినది మొలిచినా సన్నని నూగుగా మొలుస్తుంది. చికిత్స అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది, దాని చిక్కులు కూడా చాలావరకు ఇందులోంచే పుడతాయి.

గుంటూరు, ప్రకాశం రైతులకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు. వేసవి మధ్యాహ్నం నల్లరేగడి చేలో చెప్పుల్లేకుండా నిలబడితే అరికాళ్లు కాలిపోతాయి. ధర కోసం ఇంటిముందు ఆగిన పత్తి కుప్ప మీద చెయ్యి పెడితే అంత వేడి తెలియదు. ఎండ రెండింటి మీదా ఒకటే. నలుపు తాగుతుంది, తెలుపు తిప్పికొడుతుంది. లేజర్ కిరణమూ అంతే. అయితే అది వెంట్రుకలోని నలుపేదో, చర్మంలోని నలుపేదో విడదీసి చూడలేదు. తెల్లని ఒంటి మీద నల్లని వెంట్రుక ఉంటే పని సులువు. మన ప్రాంతంలో ఎక్కువమందిది చామనఛాయ, లేదా అంతకంటే ముదురు రంగు. కిరణం కుదురును చేరేలోపే పైచర్మం కొంత తాగేస్తుంది. ఆ వేడి హద్దు దాటితే చర్మం కమిలి బొబ్బలు లేస్తాయి. అవి మానాక కూడా నల్లమచ్చో తెల్లమచ్చో నెలల తరబడి ఉండిపోతుంది.

అందుకే డాక్టరు ముందుగా చూసేది వెంట్రుకను కాదు, ఒంటి రంగును. అమెరికా చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి మనుషుల చర్మాన్ని రకాలుగా విడదీశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న లెక్కలో మొత్తం ఆరు రకాలు. తెలుగువారిలో అత్యధికులు నాలుగు, అయిదు రకాల్లోకి వస్తారు, కొందరు ఆరులోకి. యంత్రం ఎంపిక దీన్నిబట్టే. రూబీ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు, అలెగ్జాండ్రైట్‌ది 755, డయోడ్‌ది సుమారు 810, ఎన్‌డీ యాగ్‌ది 1064. ఈ అంకె పెరిగేకొద్దీ మెలనిన్ కాంతిని తాగడం తగ్గుతుంది, కాంతి చర్మంలో లోతుకు దిగుతుంది. రూబీ లేజర్ తెల్లని చర్మానికి పనికొచ్చింది కానీ మన ఒంటికి ప్రమాదం. ముదురు రంగు చర్మానికి అన్నిటికన్నా భద్రమైనది 1064 ఎన్‌డీ యాగ్. చామనఛాయకు డయోడ్ కూడా నడుస్తుంది, తగిన చల్లదనం, తగిన కొలత ఉంటే. ఐపీఎల్ అని చాలాచోట్ల చేసేది అసలు లేజరే కాదు. అనేక తరంగదైర్ఘ్యాలు కలిసిన మెరుపు కాంతి. ముదురు ఒంటికి దాన్ని అనుభవం లేనివారు వాడితే చారలు చారలుగా కాలే అవకాశం ఎక్కువ.

కాంతిని ఎంతసేపు వదలాలన్నది మరో లెక్క. రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు వైద్యులు 1983లో ఈ లెక్కకు పునాది వేశారు. పలచటి అప్పడం పొయ్యి మీంచి దించిన క్షణాల్లో చల్లారిపోతుంది. సంకటి ముద్ద పైన ఆరినా లోపల చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పైచర్మం అప్పడం లాంటిది, కొన్ని మిల్లీసెకన్లలో వేడిని వదిలేస్తుంది. లావు వెంట్రుక కుదురు సంకటి ముద్ద, పదుల మిల్లీసెకన్లు పట్టి ఉంచుతుంది. కాబట్టి కాంతిని ఒక్కసారిగా కుమ్మరించకుండా కాస్త నిదానంగా వదిలితే, చర్మం ఎప్పటికప్పుడు చల్లారుతూ ఉంటుంది, కుదురు మాత్రం ఉడుకుతుంది. దీనికి తోడు యంత్రం కొసన చల్లని గాజుపలకో, చల్లగాలో, చల్లని వాయువు పిచికారీనో ఉంటుంది. చల్లదనం సరిగా లేని యంత్రం ఎంత ఖరీదైనదైనా నల్లని ఒంటికి పనికిరాదు.

క్లినిక్‌లో అడిగి తెలుసుకోవలసినవి ఈ భౌతికశాస్త్రంలోంచే వస్తాయి. యంత్రం ఏది, తరంగదైర్ఘ్యం ఎంత, నడిపేదెవరు, డాక్టరు గదిలో ఉంటారా లేక బోర్డు మీద పేరు మాత్రమే ఉందా? చెవి వెనకో దవడ కిందో చిన్న చోట ముందుగా పరీక్షించి, కనీసం రెండు రోజులు ఆగి చూస్తారా? ముదురు చర్మం మీద కాలిన గుర్తు ఒక్కోసారి ఆలస్యంగా బయటపడుతుంది కనుక, ఈ పరీక్ష లేకుండా మొదటిరోజే మొహమంతా చేసేస్తామన్న చోటు నుంచి లేచి రావడమే మేలు. ప్రతి సిట్టింగ్‌లో వాడిన కొలతలు రాసి ఉంచుతున్నారా అన్నదీ చూసుకోవాలి. కళ్లకు ఆ యంత్రానికి తగిన అద్దాలు తప్పనిసరి. కనుబొమ్మ కింద, కంటిగుంట లోపలి భాగంలో లేజర్ వాడకూడదు. కంటిపాపకు దెబ్బ తగిలిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. పుట్టుమచ్చల మీద, పచ్చబొట్టు మీద కూడా కొట్టకూడదు. పచ్చబొట్టులోని నలుపు వెంట్రుక నలుపుకంటే ఆత్రంగా తాగుతుంది.

ఇక ఎండ సంగతి. ఎండకు కమిలిన చర్మంలో మెలనిన్ పెరుగుతుంది. కిరణానికి పైచర్మమే పెద్ద లక్ష్యమైపోతుంది. అందుకే చికిత్సకు ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత కూడా అన్నే వారాలు ఎండ తగలకుండా చూసుకోమంటారు. పట్నంలో ఏసీ గదిలో పనిచేసేవారికి ఇది మామూలు జాగ్రత్త. పల్నాడులోనో, పర్చూరు చుట్టుపక్కలో చేలల్లో పనిచేసే వారికి ఏడాది మొత్తాన్ని లెక్కలోకి తెచ్చే షరతు. అక్టోబరు, నవంబరుల నుంచి పత్తి తీతలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు, కల్లాల్లో ఆరబోతలు. ఆ తర్వాత రోహిణి కార్తె దాకా ఎండే ఎండ. చేలోకి దిగే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడిగి, తలకూ మొహానికీ తువ్వాలు చుట్టుకుంటారు. చర్మవైద్యులు చెప్పే జాగ్రత్తను వాళ్లు ఎప్పటినుంచో పాటిస్తూనే ఉన్నారు. అయినా ముక్కు, బుగ్గలు, మణికట్లు కమలకుండా ఉండవు. అలాంటివారికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుపట్టే నెలలే అనువు. బట్టల చాటున ఉండే చంకల వంటి చోట్లకు ఈ బెడద తక్కువ.

పెళ్లి కోసం చేయించుకునేవారు వేసే లెక్క ఎక్కువగా తప్పుతుంది. ముహూర్తానికి నెల ముందు పార్లర్‌కు వెళ్లినట్టు లేజర్‌కు వెళితే కుదరదు. వెంట్రుకకు ఎదిగే దశ, ఆగే దశ, రాలే దశ అని మూడున్నాయి. ఎదిగే దశలో ఉన్న వెంట్రుకకే కుదురుతో గట్టి అనుబంధం ఉంటుంది, లేజర్ దెబ్బ దానికే తగులుతుంది. తలమీద నూటికి 85, 90 వెంట్రుకలు ఆ దశలో ఉంటాయి కానీ కాళ్లూ చేతుల మీద అందులో సగం కూడా ఉండవు. మిగిలినవి వంతు వచ్చేదాకా ఆగాలి. అందుకే మొహానికి నాలుగు నుంచి ఆరు వారాలకు, ఒంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకటి చొప్పున, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు పడతాయి. మాఘమాసంలో పెళ్లయితే ఆషాఢంలోనే మొదలుపెట్టాలి. వైశాఖ ముహూర్తమైతే భాద్రపదం దాటకూడదు. మధ్యలో ఏ బొబ్బో లేస్తే మానడానికి వ్యవధి కూడా అందులోనే ఉంటుంది.

గుంటూరు మిర్చి యార్డు, దాని చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు చర్మానికి మరో పరీక్ష. మిరపలోని క్యాప్సైసిన్ చర్మంలోని వేడిని పసిగట్టే నరాల తలుపునే తట్టి తెరుస్తుంది. కారం మంటగా తోచడానికి కారణం అదే. ఆ తలుపును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. లేజర్ పడి రేగిన చర్మంలో ఈ నరాలు అప్పటికే చిరచిరలాడుతుంటాయి. అలాంటప్పుడు మిరప తొడిమలు తీసే పనికి వెళితే, ఆ ఘాటు ధూళి మొహాన పడితే మంట రెట్టింపవుతుంది. సిట్టింగ్ అయ్యాక కొన్ని రోజులు యార్డుకు, పురుగుమందు పిచికారీకి, వంటింటి పోపు సెగకు కూడా దూరంగా ఉండటం మంచిది. మేలో ఎండల వల్ల యార్డుకు ఇచ్చే సెలవులను సిట్టింగ్‌కు వాడుకుందామనుకుంటే, అవి సరిగ్గా ఎండ మండే రోజులు కావడం ఒక చిక్కు.

గడ్డం మీద, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు కొత్తగా వస్తున్న అమ్మాయిలకు లేజర్‌కంటే ముందు వేరే పరీక్ష కావాలి. వాటి వెనక చాలాసార్లు పీసీఓఎస్, అంటే అండాశయాల్లో నీటిబుడగలతో, మగ హార్మోన్ల పెరుగుదలతో ముడిపడిన సమస్య ఉంటుంది. 1935లో స్టెయిన్, లెవెంథాల్ అనే అమెరికా వైద్యులు దీన్ని వర్ణించారు. నెలసరి తప్పడం, బరువు పెరగడం, మొటిమలు, మెడ వెనక నల్లగా ముతకబారడం దాని జాడలు. ఫెరిమన్, గాల్వే 1961లో తయారుచేసిన కొలతను కొద్దిగా మార్చి, ఒంట్లో తొమ్మిది చోట్ల వెంట్రుకల తీరుకు సున్నా నుంచి నాలుగు దాకా అంకెలిచ్చి డాక్టర్లు తీవ్రత లెక్కిస్తారు. హార్మోన్ అదుపులోకి రాకుండా లేజర్ చేయిస్తే, పాత కుదుళ్లు మాడినా నూగు పుట్టించే కొత్త కుదుళ్లు ముదురుతూనే ఉంటాయి; డబ్బు పోసుకుంటూ పోవడమే. గొంతు మారుతున్నా, కొద్ది నెలల్లోనే ఒంటి నిండా వెంట్రుకలు వచ్చినా ఆలస్యం చేయకూడదు. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో, ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో చర్మవ్యాధుల, స్త్రీవ్యాధుల విభాగాలు రెండూ ఉన్నాయి. ఈ మొదటి విచారణకు ప్రైవేటు ప్యాకేజీ అక్కర్లేదు.

హార్మోన్ తేడా ఉన్నవారిలో కొందరికి మరో వింత జరుగుతుంది. లేజర్ చేసిన చోటో దాని పక్కనో వెంట్రుకలు తగ్గకపోగా ఒత్తుగా మొలుస్తాయి. మాడ్చడానికి చాలని వేడి కుదురును నిద్రలేపుతుందన్నది ఒక వివరణ. దక్షిణాసియా, మధ్యధరా ప్రాంతాల స్త్రీలలో, అందులోనూ బుగ్గలు, దవడ, మెడ మీద ఇది ఎక్కువగా కనిపించింది. కాబట్టి చెంపల మీది సన్నని నూగు జోలికి పోకపోవడమే మంచిది. దాన్ని పోగొట్టాలన్న మోజు ఈమధ్య పెరిగింది కానీ, కిరణానికి పట్టు దొరికేంత నలుపు అందులో ఉండదు.

సిట్టింగ్‌కు ముందు నాలుగు నుంచి ఆరు వారాలు వాక్సింగ్, త్రెడ్డింగ్, పట్టకారుతో పీకడం మానాలి. వెంట్రుక కుదురులో ఉంటేనే వేడి దిగేది. గొరగడం మాత్రం నిరభ్యంతరం. ముందురోజు గొరుక్కునే రమ్మంటారు. గొరిగితే మీసం లావెక్కుతుందన్న భయం ఉత్తిది; కత్తిరించిన కొస మొద్దుగా ఉండటంతో అలా తోస్తుందంతే. పసుపు, సున్నిపిండి, నిమ్మరసం పట్టించుకునే అలవాటు ఉన్నవారు కొన్ని రోజులు ఆపాలి. పసుపు మరక చర్మం అసలు రంగును డాక్టరుకు కనబడనివ్వదు, నిమ్మరసం ఎండతో కలిస్తే అదే ఒక కాలిన మచ్చ. మొటిమలకు ఐసోట్రెటినాయిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతుంటే, పెదవుల మీద జ్వరపు పొక్కులు తరచూ వస్తుంటే చెప్పాలి. గర్భిణులు వాయిదా వేసుకుంటారు; హాని రుజువై కాదు, భద్రమన్న రుజువు లేక.

చికిత్స వేళ రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, గదిలో వెంట్రుక మాడిన వాసన వస్తుంది. తర్వాత కొన్ని గంటలు ప్రతి కుదురు చుట్టూ చిన్న ఎర్రటి పొంగు కనిపిస్తే పని జరిగినట్టే. బొబ్బ, బూడిదరంగు, విపరీతమైన మంట మాత్రం కొలత తప్పిందనడానికి గుర్తులు. వెంటనే చల్లబరిచి, అదేరోజు డాక్టరుకు చూపించాలి. నొప్పి తెలియకుండా మత్తు క్రీము రాయడంలోనూ ఒక ప్రమాదం ఉంది. ఇంట్లోనే కాళ్లకు దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని బయలుదేరిన ఇద్దరు యువతులు చనిపోయాక, 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిమీద హెచ్చరిక జారీచేసింది. మందు చర్మం గుండా రక్తంలోకి ఎక్కి గుండెను తాకుతుంది.

తర్వాతి రెండు, మూడు వారాల్లో మాడిన వెంట్రుకలు పైకి తోసుకొచ్చి రాలిపోతాయి. వాటిని చూసి మళ్లీ మొలుస్తున్నాయని బెంగపడేవారు చాలామంది. ఈ వారాల్లో చర్మానికి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, మామూలు మాయిశ్చరైజర్ చాలు.

బోర్డుల మీద 'శాశ్వత నిర్మూలన' అని రాసినా వైద్యం ఒప్పుకునే మాట వేరు. అమెరికా నియంత్రణ సంస్థ అనుమతించిన పదం 'శాశ్వత తగ్గింపు': నిర్ణీత సిట్టింగులు అయ్యాక మళ్లీ మొలిచే వెంట్రుకల సంఖ్య చాలాకాలం తక్కువగా నిలవడం. భారత చర్మవైద్యుల సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తగ్గింపు అనే అన్నాయి. ఏడాదికో ఆరు నెలలకో మరో సిట్టింగ్ పడవచ్చు, హార్మోన్ సమస్య ఉంటే తప్పనిసరిగా పడుతుంది. అన్ని సిట్టింగులకూ ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీలో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారన్నది రాతలో తీసుకోవాలి.

మగవాళ్లకు ఇది సోకు మాత్రమే అనుకుంటే పొరపాటు. వెన్ను చివర వెంట్రుకలు లోపలికి గుచ్చుకుని చీము పట్టే పైలోనిడల్ సైనస్ గంటల తరబడి కూర్చునే డ్రైవర్లలో తరచూ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జీపులు నడిపిన అమెరికా సైనికుల్లో ఎక్కువగా కనబడి 'జీపు జబ్బు' అన్న పేరు తెచ్చుకుంది. ఆపరేషన్ తర్వాత అక్కడ లేజర్ చేస్తే తిరగబెట్టడం తగ్గుతుంది.

నెరిసిన వెంట్రుకకు మాత్రం లేజర్ దగ్గర మందు లేదు. అందులో నలుపు లేదు కనుక కిరణానికి అది కనిపించదు. నడివయసు దాటాక గడ్డం కింద రెండు, మూడు గట్టి తెల్ల వెంట్రుకలు మొలిచిన వారికి ఎలక్ట్రాలసిస్ ఉంది. 1875లో చార్లెస్ మిషెల్ అనే కంటివైద్యుడు కంట్లోకి గుచ్చుకునే రెప్ప వెంట్రుకల కోసం కనిపెట్టిన పద్ధతి అది. సన్నని సూదిని ఒక్కో కుదురులోకి దించి కరెంటు పంపుతారు. ఒకదాని తర్వాత ఒకటిగా చేయాలి కాబట్టి మొహమంతటికీ ఓపిక చాలదు. రెండు, మూడు వెంట్రుకలకైతే అదే సరైన దారి. అక్కడ వెంట్రుక రంగుతోనూ, చర్మం రంగుతోనూ పనిలేదు.