9.4 నల్లనీటి అక్వేరియంకు అనువైన చేపలు: సామాన్య జాతులు, అరుదైన జాతులు

అక్వేరియం చేపల జాబితాల్లో ఒక జాతిని 'సామాన్యం' అనీ, మరొకదాన్ని 'అరుదు' అనీ రాయడం మీరు చూసి ఉంటారు. ఈ మాటలు దుకాణంలో దొరికే తీరును చెబుతున్నాయా, ప్రకృతిలో ఆ చేప స్థితిని చెబుతున్నాయా? ఈ రెండూ ఒకటి కావు. నల్లనీటి చేపల ఆధారంగా ఈ తేడాను పరిశీలిద్దాం.

9.4.1 నల్లనీరు అంటే ఏమిటి?

అడవిలో రాలి కుళ్ళే ఆకులు, కొమ్మల నుంచి టానిన్లు, హ్యూమిక్ ఆమ్లాలు నీటిలోకి దిగుతాయి. నీరు పాలు కలపని టీ రంగుకు మారుతుంది. ఇది బురదనీరు కాదని గమనించండి. ఇందులో ఖనిజ లవణాలు అతి తక్కువ, ఆమ్లత ఎక్కువ. బ్రెజిల్‌లోని రియో నీగ్రో నది ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ, దాని పి.హెచ్. సాధారణంగా 4, 5 మధ్య ఉంటుంది. ఆగ్నేయాసియాలోని పీట్ చిత్తడి అడవుల నీరూ ఇలాంటిదే.

9.4.2 సామాన్య జాతులు

రియో నీగ్రోకు చెందిన కార్డినల్ టెట్రాను 1956లో శాస్త్రీయంగా వర్ణించారు. దీన్ని నియాన్ టెట్రాతో పొరబడవద్దు. నియాన్‌లో ఎర్రని చార శరీరం వెనుక సగంలోనే ఉంటుంది. కార్డినల్‌లో దాదాపు పొడవునా ఉంటుంది. అమ్మకానికి వచ్చే నియాన్‌లలో అత్యధికం పెంపకం చేపలు. కార్డినల్‌లను మాత్రం బార్సెలోస్ పట్టణ పరిసరాల జాలర్లు దశాబ్దాలుగా అడవి వాగుల్లో పడుతున్నారు. ఇది స్వల్పాయువు గల చేప. ఎండకాలంలో నీరు తగ్గినప్పుడు ఎన్నో సహజంగానే చనిపోతాయి. కాబట్టి పరిమితంగా పడితే జాతి కోలుకుంటుంది. పైగా చేపల ఆదాయం ఉంటే అడవిని నిలుపుకోవడం ఆ కుటుంబాలకే లాభం. హార్లెక్విన్ రస్బోరా, రమ్మీనోస్ టెట్రా కూడా సులభంగా దొరికే జాతులు.

9.4.3 అరుదైన జాతులు

మలేషియా, ఇండోనేషియా పీట్ చిత్తడుల్లో లికరిస్ గౌరామి చేపలు ఉంటాయి. ఇవి పారోస్ఫ్రోమెనస్ ప్రజాతికి చెందినవి. పొడవు సుమారు 4 సెం.మీ. లోపే. కొన్ని జాతులు చాలా చిన్న ప్రాంతానికే పరిమితం. ఆయిల్‌పామ్ తోటల కోసం చిత్తడుల నీటిని తోడేస్తే ఆ జాతికి మరో చోటు లేదు. 2006లో సుమత్రా చిత్తడుల నుంచి వర్ణించిన పీడోసైప్రిస్ చేపలో 7.9 మి.మీ. పొడవుకే ఆడచేప పరిపక్వమవుతుంది. ఇక్కడ అరుదుదనానికి ముఖ్యకారణం వల కాదు, ఆవాస నష్టం.

9.4.4 నీటిని సిద్ధం చేయడం

మన వీధుల్లో నీడనిచ్చే బాదం చెట్టు ఎండుటాకులను నల్లనీటి అక్వేరియంలో విరివిగా వాడతారు. అయితే రంగు వచ్చినంత మాత్రాన నల్లనీరు కాదు. బోరు నీటిలోని బైకార్బనేట్లు ఆకుల ఆమ్లాలను తటస్థం చేస్తాయి, పి.హెచ్. పెద్దగా తగ్గదు. అందుకే ఆర్.ఓ. నీరు లేదా శుభ్రమైన వాననీరు అవసరం. పెంపకపు కార్డినల్ కొంత తేడాను తట్టుకుంటుంది. లికరిస్ గౌరామికి మెత్తని ఆమ్లనీరు, సజీవాహారం, వేరే తొట్టి కావాలి. వీటిని సమకూర్చలేనప్పుడు ఆ చేపను కొనకపోవడమే మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బోరు నీటిలో బాదం ఆకులు వేసినా పి.హెచ్. ఎందుకు పెద్దగా తగ్గదు?
2. కార్డినల్ టెట్రా, లికరిస్ గౌరామిల స్థితిలో తేడాకు కారణాలు రాయండి.